వెండి గోపురం మీద జెండా

కాజిల్‌బార్,
జనవరి 6, 2025

శాంత వదినకి,

క్రిస్మస్‌కి మీ ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి అయిపోయింది. కాబట్టి ఈ ఉత్తరం వట్టి ప్రేమతోనే రాస్తున్నానంటే నువ్వు నమ్మవు. నమ్మకపోయినా పర్వాలేదు, పూర్తిగా చదువు. ఫోన్ చేస్తే అన్నయ్య లాక్కుంటాడు, లేకపోతే మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం. ఉత్తరాలు రాసుకుందామని నువ్వు పెట్టిన పద్ధతిలో నాకు నచ్చింది ఒక్కటే, మధ్యలో నువ్వు అడ్డు తగలడానికి కుదరదు.

ఒక పని పడింది. మా పక్కింటి ఊనా మెక్‌హేల్ ఆంటీ నీకు గుర్తుందిగా, బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ. రిషిత పుట్టినప్పుడు అమ్మకి వీసా రాకపోతే, రోజూ వచ్చి పిల్లకి నీళ్ళు పోసింది ఈవిడే. ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. తుంటికి ఆపరేషన్ అయింది. బాగానే అయింది గానీ మార్చి దాకా ఇంటికి పంపరట. హాస్పిటల్‌కి వెళ్ళేముందు టీ టవల్లో చుట్టిన వస్తువొకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇల్లు ఖాళీగా ఉంటుంది. నీ దగ్గరుంటే నాకు బెంగ ఉండదు" అంది. అంతకు మించి ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

నువ్వు చూడాలి వదినా దాన్ని. జానెడు ఎత్తు వెండి గోపురం. చిన్న చిన్న కిటికీలు, మూలమూలకీ ఆవగింజంత గంటలు, తెరుచుకునే తలుపు. తలుపు తీస్తే లోపల లవంగాల వాసన. ఏం చేసేవారో తెలీదు, సాంబ్రాణికో అత్తరుకో అయ్యుంటుంది. రిషిత చూసి "ఇట్స్ ఎ రాకెట్, మామ్" అని తేల్చేసింది. నేను మాత్రం గోపురం గోపురమే కదా అని మన దేవుడి పక్కన పెట్టేశాను. అలమారాని ప్రెస్ అని పిలిచే ఈ ఐర్లాండ్ ఊళ్ళో మా దేవుడు వంటింటి ప్రెస్‌లో ఉంటాడని నీకు తెలుసు.

ఒక్కటే లోపం. పైన ఉండాల్సిన శిఖరం లేదు. సన్నటి వెండి కాడ, వంకరగా విరిగిపోయి ఉంది. దీపం పెట్టినప్పుడల్లా నా కళ్ళు అక్కడికే పోతున్నాయి. విరిగిన వస్తువుని దేవుడి దగ్గర పెట్టుకోం కదా. అలాగని ఆవిడ నమ్మి ఇచ్చిన దాన్ని అట్ట పెట్టెలో పడేయలేను.

నెలాఖరుకి పెళ్ళికి తెనాలి వెళ్తున్నావు కదా. మీ వీధిలో ఆచారి గారి చేత దానికి చిన్న కలశం చేయించి అతికించుకురా. గట్టిగా అతికించమను, మళ్ళీ జన్మలో ఊడకూడదు. ఆవిడ ఇంటికి వచ్చేసరికి నిండుగా కనబడాలి. సాయంకాలాల్లో ఒక్కతే కూర్చునే మనిషి, ముఖం వెలిగిపోతుంది.

నీ వసు


పోర్ట్‌లీష్,
జనవరి 11

మహారాజశ్రీ ఆడపడుచు గారికి,

మీ ఆజ్ఞ అందింది. మీ అన్నయ్యకి చదివి వినిపించాను. "దానికి చిన్నప్పట్నుంచీ ఎదుటివాళ్ళ వస్తువులు బాగుచేసే జబ్బు ఉంది" అన్నారు. ఆయన రేడియో విప్పేసి, మళ్ళీ బిగిస్తే ఏడు మరలు మిగిల్చావట.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఊనా ఆంటీని అడిగావా? మీ ఫ్యాక్టరీలో గుండెకి వేసే గొట్టానికి ఒక చుక్క జిగురు మార్చాలంటే అయిదుగురు సంతకాలు పెట్టాలని పెళ్ళిళ్ళల్లో కూడా క్లాసు పీకుతావు. మరి ఈ గోపురానికి ఎవరు సంతకం పెట్టారు? దాచమని ఇచ్చింది గానీ బాగుచేయించమని ఇవ్వలేదే.

ఫోన్ చేసి ఒక్క ముక్క అడుగు. అడిగితే పోయేదేముంది?

పచ్చడి పంపుతున్నాను. రిషితకి కారం తగ్గించి వేరే సీసా పెట్టాను, మీరిద్దరూ దాని మీద పడకండి.

శాంత


కాజిల్‌బార్,
జనవరి 15

వదినా,

అడిగితే సర్‌ప్రైజ్ ఎలా అవుతుంది? పైగా అడిగితే ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు. "అయ్యో వద్దు, నీకెందుకు శ్రమ" అంటుంది. ఈ ఊళ్ళో కాళ్ళు విరిగినా "ఐయామ్ గ్రాండ్" అనే మనుషులు వీళ్ళు. వీళ్ళని అడక్కూడదు, చేసెయ్యాలి.

ఆదివారం మా ఆయన కిశోర్ డబ్లిన్ వెళ్తూ మీ ఇంట్లో ఇచ్చి వెళ్తాడు. సూట్‌కేసులో పెట్టకు, చేతిసంచిలో పెట్టుకో. అతకడం మాత్రం గట్టిగా.

వసు


పోర్ట్‌లీష్,
ఫిబ్రవరి 24

వసూ,

పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. వంకాయ కూర తప్ప అన్నీ బాగున్నాయి. మీ అన్నయ్య రెండు కిలోలు పెరిగి వచ్చారు, నేను చీరలు కొనకుండా వచ్చాను. రెండూ ఎవరూ నమ్మడం లేదు.

నీ గోపురం తయారు. ఆచారి గారు చిటికెన వేలి గోరంత కలశం చేసి పైన నిలబెట్టారు. చూస్తే పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉన్నట్టుంది. కిశోర్ అన్నయ్య గారికి అప్పగించాను.

ఒక్క జాగ్రత్త. దాన్ని చింతపండు వేసి తోమకు. వేడినీళ్ళు అసలు తగలనివ్వకు. పొడిగుడ్డతో తుడువు, చాలు. ఎందుకని అడక్కు, నువ్వడిగితే నేను చెప్పాలి, నేను చెబితే నువ్వు పోట్లాడతావు, ఇద్దరికీ సమయం దండగ.

శాంత


కాజిల్‌బార్,
మార్చి 23

వదినా,

ఊనా ఆంటీ ఇంటికొచ్చింది. చేతికర్రతో మెల్లగా నడుస్తోంది. పళ్ళెంలో పూలు పెట్టి, గోపురానికి కాస్త గంధం రాసి, లోపల ఖాళీగా ఉండకూడదని లవంగాలు, యాలకులు పోసి తీసుకెళ్ళాను. ఆవిడ చాలాసేపు దాన్నే చూసింది. కలశాన్ని వేలితో తాకింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఇట్స్ గ్రాండ్, వసుంధరా. ఇట్స్ గ్రాండ్" అంది. కళ్ళు చెమర్చాయి. నా కళ్ళూ చెమర్చాయి. నువ్వు అనవసరంగా భయపెట్టావు.

ఆ రోజు మొదటిసారి దాని సంగతి చెప్పింది. అది యూదుల ఇళ్ళల్లో ఉండే సుగంధ ద్రవ్యాల పెట్టెట. వాళ్ళు శనివారం పొద్దుగూకాక, విశ్రాంతి రోజు ముగిసిందని లవంగాల వాసన చూసి కొత్త వారంలోకి అడుగు పెడతారట. నేను తెలియకుండానే సరైన దినుసు పోశాను చూడు.

అది ఈ ఇంటికి ఎలా వచ్చిందో విను. ఊనా ఆంటీ మేనత్త నోరా. యుద్ధానికి ముందు బ్రస్సెల్స్‌లో ఒక పెద్దింట్లో వంటకి కుదిరింది. జర్మన్లు ఊరు పట్టుకున్నాక ఆ ఇంటివాళ్ళు వెళ్ళిపోయారు, ఈవిడ ఒక లాండ్రీ పైన అటకగది అద్దెకి తీసుకుని ఉండిపోయింది. ఐర్లాండ్ యుద్ధంలో లేదు కాబట్టి ఈవిడ జోలికి ఎవరూ రాలేదు. లాండ్రీలో పనిచేసే ఒక యూదు తల్లిని, ఆవిడ కూతుర్ని ఆ గదిలో రెండేళ్ళు దాచింది వదినా. పట్టుబడితే ముగ్గుర్నీ తీసుకుపోయేవాళ్ళు. పిల్లకి ఇంగ్లీషు రాదు కదా, అందుకని మూగపిల్ల అని, ఐర్లాండ్ నుంచి వచ్చిన తన మేనకోడలని అందరికీ చెప్పింది. ఆ పసిది గది దాటితే రెండేళ్ళు నోరు విప్పలేదు. ఊరు విడుదలయ్యాక ఆ తల్లి తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క వస్తువు నోరా చేతిలో పెట్టింది. అదే ఈ గోపురం.

అసలు కష్టం ఇక్కడికి వచ్చాక మొదలైంది. నలభై ఆరులో బక్కచిక్కి, చేతిలో వెండి వస్తువుతో దిగింది నోరా. పనిచేసిన ఇంట్లో కొట్టుకొచ్చిందని ఊరు ఊరంతా అంది. వంటపని కూడా ఎవరూ ఇవ్వలేదు. ఈవిడ ఒక్కరికీ జవాబు చెప్పలేదు. చెబితే గొప్పలు పోతున్నట్టు ఉంటుందట. పోయేముందు, డెబ్భై ఒకటిలో, ఊనా ఆంటీకి ఒక్కదానికే చెప్పింది. ఊనా ఆంటీని బడిలో పిల్లలు దొంగ మేనకోడలని ఏడిపించేవాళ్ళట. ఆ మాట చెప్పేటప్పుడు ఎనభై అయిదేళ్ళ మనిషి ముఖం ఎనిమిదేళ్ళ పిల్ల ముఖంలా అయిపోయింది.

ఇప్పుడు ఈ ఊరి చరిత్ర సంఘం వాళ్ళు ఈ ప్రాంతపు గొప్ప ఆడవాళ్ళ పేర్లతో కమ్యూనిటీ హాల్లో ఒక గోడ పెడుతున్నారు. నోరా పేరు కూడా పెట్టమని ఆంటీ అడిగితే, ఆధారం లేదన్నారట. సంఘం పెద్ద డెక్లన్, రిటైరైన లెక్కల మాస్టారు, చాలా మర్యాదగా చెప్పాడట కాదని. "నేను పోయేలోగా ఆ గోడ మీద అత్త పేరు చూడాలి, అంతే నాకు ఇంకేం వద్దు" అంది ఆంటీ.

అందుకే పోయిన శనివారం పాత వస్తువుల ప్రదర్శనకి గోపురాన్ని నేనే తీసుకెళ్ళి మధ్య బల్ల మీద పెట్టాను. కలశంతో ఎంత నిండుగా ఉందో. డెక్లన్ గారు కూడా ఒంగి ఒంగి చూశారు. చూద్దాం, మనసు మారుతుందేమో.

వసు


కాజిల్‌బార్,
మే 9

వదినా,

ఈ ఉత్తరం పోస్టులో వేసే లోపల ఫోటో తీసి నీ ఫోన్‌కి పంపిస్తున్నాను. ఫోన్‌లో మాట్లాడే ధైర్యం లేదు. మాట్లాడితే ఏడుస్తాను.

బ్రస్సెల్స్ నుంచి సంఘానికి ఈమెయిల్ వచ్చింది. రెజీన్ అనే ఎనభై ఎనిమిదేళ్ళ ఆవిడ తరఫున ఆవిడ మనవడు రాశాడు. కాజిల్‌బార్ దగ్గరి నోరా అనే ఆవిడ చిన్నప్పుడు తనని కాపాడిందనీ, ఆవిడ వాళ్ళెవరైనా ఉన్నారేమోననీ ఏళ్ళ తరబడి వెతుకుతోందట. ఇంటిపేరు తెలీదు. గుర్తు మాత్రం ఒకటుంది. ఆవిడ తల్లి గోపురం ఇచ్చేటప్పుడు, దాని పైనున్న చిన్న జెండాని విరిచి తన దగ్గర ఉంచుకుంది. ఆ జెండా ఇప్పుడు రెజీన్ మెడలో గొలుసుకి ఉంది. శిఖరం లేని గోపురం ఎవరింట్లో ఉందో, ఈ జెండా ఎవరి కాడకి అతుకుతుందో వాళ్ళే నోరా వాళ్ళు.

సంఘం వాళ్ళు జవాబు రాసేశారు వదినా. ఈ ఊళ్ళో ఒక గోపురం ఉన్నమాట నిజమే గానీ దానికి శిఖరం చెక్కుచెదరకుండా ఉంది, మేమే స్వయంగా ప్రదర్శనలో చూశాం, కనుక మీరు వెతికేది ఇది కాదు, క్షమించండి అని. డెక్లన్ గారు ఆ జవాబు కాపీ తెచ్చి ఊనా ఆంటీకి ఇచ్చి వెళ్ళారు. అంటే ఇంతకుముందు ఆధారం లేదు, ఇప్పుడు అబద్ధమని ఆధారం ఉంది.

నేను పరిగెత్తుకుని వెళ్ళాను. అది నేను పెట్టించిన కలశమని డెక్లన్ గారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన మెత్తగానే మాట్లాడారు. అలాగైతే పాత కాడ ఎలా ఉందో చూపించండి, ఫోటో ఉన్నా చాలు అన్నారు. నా దగ్గర ఫోటో లేదు. విరిగిన వస్తువుకి ఎవరు ఫోటో తీస్తారు? గట్టిగా అతికించమని నేనే కదా రెండుసార్లు రాశాను. అరగదీసి, కరిగించి, అతికించి ఉంటారు. ఇంక ఏ జెండా తెచ్చినా ఎక్కడ కూర్చుంటుంది?

ఇంకో మాట. నోరా పోయేముందు ఊనా ఆంటీకి చెప్పిందట, "ఇది ఎవరికీ అమ్మకు, బాగుచేయించకు" అని. ఆ జెండా ఉన్నవాళ్ళు ఎప్పటికైనా వస్తారని ఆంటీకి మొదట్నుంచీ తెలుసు. అయినా మార్చిలో నా పళ్ళెం చూసి "గ్రాండ్" అంది. ఎందుకు చెప్పలేదు ఆంటీ అని అడిగాను. "యాభై ఏళ్ళు ఎదురుచూశాను, ఎవరూ రాలేదు. నువ్వేమో పూలు పెట్టి తెచ్చావు. రాని మనుషుల కోసం, వచ్చిన మనిషి మనసెందుకు నొప్పించాలి?" అంది.

నువ్వు అడగమన్నావు. నేను అడగలేదు. ఆవిడ కళ్ళు చెమర్చింది సంతోషంతో అనుకున్నాను. నాకు తల కొట్టేసినట్టుంది.

వసు


పోర్ట్‌లీష్,
మే 9, నీ ఫోటో చూసిన వెంటనే

పిచ్చిదానా,

కళ్ళు తుడుచుకో. కెటిల్ పెట్టు. టీ కోసం కాదు.

ఆ కలశాన్ని అతికించలేదు.

ఆచారి గారు నిప్పుల కుంపటి దగ్గరికి జరుపుకుని, ఆకురాయి చేతిలోకి తీసుకుని, "ఈ వంకర కొస అరగదీసి టంకం వేసేస్తానమ్మా, ఏనుగు లాగినా రాదు" అన్నారు. నీ మాట ప్రకారం సరేననాలి. నాకు నోరు రాలేదు. పరాయి ఇంటి వెండి, అడక్కుండా తెచ్చాం, అది చాలక నిప్పులో కూడా పెట్టడమా అనిపించింది. వద్దండీ, కొస ముట్టుకోవద్దు, నిప్పు చూపించొద్దు, రేపు అసలు మనిషి వద్దంటే ఉన్నది ఉన్నట్టు తిరిగి ఇవ్వగలగాలి అన్నాను. ఆయనకి కొంచెం కోపం వచ్చింది. అప్పుడు కలశం అడుగున గొట్టంలాగా చేసి, లోపల లక్క పోసి, ఆ విరిగిన కాడకి టోపీలాగా తొడిగారు. అంతే. గాజులు చేసే లక్క వసూ. ల్యాబులో ఇరవై ఏళ్ళు పనిచేసినదాన్ని, వేడి తగిలితే లక్క మెత్తబడుతుందని నాకు ఆయన చెప్పక్కర్లేదు.

అందుకే వేడినీళ్ళు వద్దన్నాను. నిజం చెబితే "అతికించమన్నాను కదా" అని నువ్వు యుద్ధానికి వస్తావని నోరు మూసుకున్నాను. నీ మాట వినలేదు. వినకపోవడం ఎంత మంచి పనో ఇప్పుడు నువ్వే ఊళ్ళో చాటింపు వేయాలి.

చెప్పినట్టు చెయ్యి. నీళ్ళు మరిగాక కాసేపు ఆగి, లోతు గిన్నెలో పోసి, గోపురాన్ని తలకిందులుగా కలశం మాత్రం మునిగేలా పట్టుకో. లాగకు. మెల్లగా తిప్పు. మెత్తబడ్డాక దానంతటదే వస్తుంది. కాడకి అంటుకున్న లక్కని స్పిరిట్‌తో తుడువు. గోళ్ళతో గీకకు, కత్తి అసలు పట్టుకోకు. నువ్వు బాగుచేసింది చాలు.

ఒంటరిగా చెయ్యకు. ఊనా ఆంటీని పక్కన కూర్చోబెట్టుకో. డెక్లన్ గారిని కూడా పిలువు, ఆయన కళ్ళతో ఆయనే చూస్తారు.

ఈసారి ముందు ఆంటీని అడిగి చెయ్యి.

శాంత వదిన


కాజిల్‌బార్,
మే 12

వదినా, నా బంగారు వదినా,

అడిగాను. "నీకు నచ్చినట్టు చెయ్యి" అంది. కాదు ఆంటీ, నీకు నచ్చినట్టే చేస్తాను అన్నాను. అప్పుడు ఆవిడ నవ్వి, "అయితే విప్పు" అంది.

ఊనా ఆంటీ వంటింట్లో, ఆవిడ గిన్నెలోనే. డెక్లన్ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ ఒక పక్క, కిశోర్ ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ ఒక పక్క. రిషిత "హౌ లాంగ్, మామ్?" అని నస పెడుతోంది. ఆంటీ తన చెయ్యి నా చేతి మీద వేసింది. ఇద్దరం కలిసి తిప్పాం. కలశం జారి గిన్నెలో పడింది, టింగుమని. లోపల వంకరటింకర కాడ, జనవరిలో నా కళ్ళని గుచ్చిన అదే కాడ, ఎక్కడిదక్కడ ఉంది. ఆ విరుగుని చూసి నేను కూలబడి ఏడ్చేశాను.

డెక్లన్ గారు ఒంగి ఆ కాడని దగ్గరగా చూశారు. తర్వాత టోపీ తీసి, "మిస్ మెక్‌హేల్, నేను తొందరపడ్డాను" అన్నారు. ఆ బల్ల దగ్గరే కూర్చుని, కాడ ఫోటోలు, కిశోర్ తీసిన వీడియో బ్రస్సెల్స్‌కి పంపారు. మేము టీ తాగడం పూర్తయ్యేలోపు జవాబు వచ్చింది. ఒక్క వాక్యం. "అమ్మమ్మ బట్టలు సర్దుకుంటోంది."

డాక్టరు ఆవిడని ఆగస్టు దాకా ఆగమన్నాడట. ఆగుతుంది గానీ సూట్‌కేసు మాత్రం మళ్ళీ విప్పనందట.

నువ్వు నా మాట వినకపోవడం ఈ ప్రపంచంలోకెల్లా గొప్ప విషయం. రాసి ఇచ్చాను, దాచుకో. మళ్ళీ రాయను.

నీ వసు


కాజిల్‌బార్,
ఆగస్టు 25

వదినా,

మీ ల్యాబులో ఆడిట్ అని నువ్వు రాలేకపోయావు. నిన్న నువ్వు లేని లోటు ఎంతో చెప్పను, నీ తల ఇప్పటికే కావలసినంత పెరిగింది. కానీ జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం డబ్లిన్ రైలు దిగి సరాసరి కమ్యూనిటీ హాలుకి వచ్చారు రెజీన్ గారు, మనవడు. చిన్న మనిషి, నీలం కోటు, మన అమ్మమ్మల్లాగే చేతిసంచి గుండెకి హత్తుకుని పట్టుకుంది. హాలు కిక్కిరిసిపోయింది. ఎప్పుడూ మమ్మల్ని చూసి తలూపి వెళ్ళిపోయేవాళ్ళు కూడా వచ్చారు. మన తెలుగువాళ్ళు మూడు కుటుంబాలు. నేను పులిహోర చేశాను, ఊనా ఆంటీ బ్రౌన్ బ్రెడ్ చేసింది.

బల్ల మీద గోపురం, తెల్లటి గుడ్డ, లోపల కొత్త లవంగాలు. రెజీన్ గారు ముందు దాని దగ్గరికే వెళ్ళింది. తలుపు తీసి వాసన చూసింది. కళ్ళు మూసుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత మెడలో గొలుసు తీసింది. గోరంత వెండి జెండా, అరిగి నున్నగా అయింది. డెక్లన్ గారు సాయం చేయబోతే తల అడ్డంగా ఊపింది. తనే కాడ మీద పెట్టి, కొంచెం తిప్పింది. ఎత్తులో పల్లం, పల్లంలో ఎత్తు సరిపోయి కూర్చుంది. చెయ్యి వదిలేసింది. జెండా పడిపోలేదు. వదినా, హాలంతా లేచి నిలబడింది. చప్పట్లకి ఆ గోపురం గంటలు మోగాయంటే నువ్వు నమ్మవు, కానీ నేను పక్కనే ఉన్నాను.

అప్పుడు ఆవిడని మాట్లాడమన్నారు. ఇంగ్లీషు కూడబలుక్కుని మాట్లాడింది. తన తల్లి జెండా ఎందుకు విరిచిందో చెప్పింది. మొత్తం ఇచ్చేస్తే నోరాతో చెల్లుకు చెల్లు అయిపోతుందని, ఒక ముక్క మన దగ్గర ఉంటే ఎప్పటికైనా కలవాల్సి వస్తుందని విరిచిందట. నాన్న తిరిగి రాలేదు. తల్లి, తను బతికారు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, వాళ్ళకి పిల్లలు పుట్టారు. అందరూ ఆ అటకగదిలోంచి నడిచి వచ్చినవాళ్ళే అంది.

తర్వాత ఊనా ఆంటీ వైపు తిరిగింది.

"మా మనవడు మీ పేరు చదివినప్పుడు, ఎవరికీ ఏమీ రాయొద్దు, నేనే వెళ్ళి చెబుతానన్నాను. రెండేళ్ళు నేను రెజీన్‌ని కాదు. మేనకోడలని చెప్పాలంటే పేరు కావాలి కదా. నోరా నాకు ఊరి నుంచి తన తమ్ముడి పాప పేరు తెచ్చి పెట్టింది. రెండేళ్ళు నా పేరు ఊనా."

ఊనా ఆంటీకి ఈ సంగతి తెలీదు వదినా. నోరా అది కూడా చెప్పకుండానే పోయింది. దొంగ మేనకోడలని ఏడిపిస్తుంటే బడి గోడ వెనక దాక్కున్న ఆ పిల్ల పేరే, అంతకు ముందు ఇంకో పిల్ల ప్రాణం నిలబెట్టింది. ఆంటీ చేతికర్ర వదిలేసి లేచింది. నేను పట్టుకోబోతే అవసరం లేదన్నట్టు చెయ్యి ఊపింది. నాలుగు అడుగులు తనే వేసింది.

"ఊనా" అంది రెజీన్ గారిని.

"ఊనా" అంది రెజీన్ గారు ఆంటీని.

ఇద్దరూ పట్టుకుని నిలబడ్డారు. నేనే కాదు, ఒక్కడు కూడా ఏడవకుండా లేడు. కిశోర్ కంట్లో నలక పడిందన్నాడు.

డెక్లన్ గారు గోడ మీది గుడ్డ తీశారు. ఈసారి ఆయన ఎవరి అనుమతీ అడగలేదు, ముందే రాయించి పెట్టారు. అందరికంటే పైన ఉంది పేరు, నోరా మెక్‌హేల్. ఆయన మైకు పట్టుకుని, ఈ ఊరు ఈవిడకి తప్పు చేసింది, మా ఇంట్లోనూ ఆ మాట అన్నారు, చిన్నప్పుడు విన్నాను, ఈ ఊరి తరఫున క్షమించమని అడుగుతున్నాను అన్నారు. ఊనా ఆంటీ గడ్డం పైకెత్తి, హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా తీరిగ్గా ఒకసారి చూసింది. వదినా, ఆ చూపు కోసమైనా నువ్వు రావాల్సింది. డెబ్భై అయిదేళ్ళుగా వంచుకున్న తల ఎత్తితే అలా ఉంటుంది. ఆ తర్వాతే, "గ్రాండ్" అంది. ఈసారి అది నిజంగా గ్రాండే. నాకిప్పుడు తేడా తెలుస్తోంది.

ఇంతా అయ్యాక రిషిత నా కొంగు లాగి, "మామ్, వాట్ అబౌట్ మేనత్త... నో, అత్తయ్యాస్ థింగ్?" అంది. నీ కలశం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది, తమలపాకులో చుట్టి. రెజీన్ గారికి చూపించి, నేను చేసిన నిర్వాకం అంతా చెప్పాను. విరిగింది దేవుడి దగ్గర ఉండకూడదని బాగుచేయించానని. నువ్వు ఆచారి గారి చేతిలో ఆకురాయి ఆపిన సంగతి కూడా చెప్పాను, ఎక్కువ మెచ్చుకోకుండా. ఆవిడ పడీ పడీ నవ్వింది. నవ్వి, జెండా లేక ఖాళీ అయిన గొలుసు చూపించింది. నేను అడిగేలోగానే కలశాన్ని తీసుకుని, దాని మెడకి గొలుసు చుట్టి బిగించి మెడలో వేసుకుంది. కలశానికి మెడ సన్నం కదా, చక్కగా పట్టింది. తెనాలి కలశం ఇప్పుడు బ్రస్సెల్స్‌కి వెళ్తోంది వదినా, ఆచారి గారికి ఫోన్ చేసి చెప్పు.

ఈ పొద్దున రైలెక్కేముందు రెజీన్ గారు నా చెయ్యి పట్టుకుని, "జెండా ఇంటికి చేరింది. కానీ మీ ముక్క నా దగ్గరుంది. దీని కోసం ఇప్పుడు మీరు రావాలి" అంది. మీరంటే నేనొక్కదాన్నే కాదు. ఆకురాయి ఆపిన మనిషిని చూడాలట.

నవంబర్‌లో బ్రస్సెల్స్‌కి విమానం టికెట్లు తీసేశాను. ఊనా ఆంటీ, నేను, నువ్వు. ఊనా ఆంటీని ముందే అడిగాను. నిన్ను మాత్రం అడగలేదు.

వసు